ముడుమాల్ రాతి మీద పట్టనిది

కృష్ణా నది మన రాష్ట్రంలోకి అడుగుపెట్టే చోటికి దగ్గర్లో ముడుమాల్ అనే ఊరు ఉంది. మొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. ఊరి పక్కన పొలాల మధ్య మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్లు ఉంటాయి, పది పద్నాలుగు అడుగులవి. ఊరివాళ్లు వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అని పిలుచుకుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు అక్కడ చాలా ఏళ్లు పనిచేసి, ఈ రాళ్ల వరసలకూ సూర్యుడు పొడిచే, కుంకే దిక్కులకూ సంబంధం ఉందని చెప్పారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. అక్కడే ఒక రాయి మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని కలిపి చూస్తే సప్తర్షి మండలం కనబడుతుందని రావుగారి మాట.

ఆ గుంటలు చెక్కి మూడు వేల ఏళ్ల పైమాటే అంటున్నారు. ఆకాశాన్ని రాయి మీదికి దించాలనుకున్న ఆ మనిషికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది. ఇవాళ ఫిజిక్స్‌లో సెలెస్టియల్ హోలోగ్రఫీ అనే పేరుతో నడుస్తున్న పరిశోధన మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ చిక్కు దగ్గరే. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ముందే చెప్తున్నా, ఇది మన బ్రాంచిలో ఏ సెమిస్టర్ సిలబస్‌లోనూ లేదు. ఇంటర్ మ్యాథ్స్ గుర్తుంటే చాలు, అదీ సగం.

చిక్కు ఏమిటంటే, ఒక నక్షత్రం ఎటు ఉందో చెప్పడానికి రెండు కోణాలు సరిపోతాయి. ఎంత ఎత్తులో ఉంది, ఏ దిక్కులో ఉంది. రాయి మీద గుంట పెట్టడానికి కూడా రెండు కొలతలే కావాలి, అడ్డం, నిలువు. కాబట్టి దిక్కు రాయి మీదికి దిగుతుంది. దూరం మాత్రం దిగదు.

మా నాయనమ్మ సప్తర్షి మండలాన్ని ముసలవ్వ మంచం అంటది. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, మిగిలిన మూడు ఆ మంచం ఎత్తుకపోనీకి వచ్చిన దొంగలు. ఒకసారి ఎండాకాలం మేడ మీద పడుకున్నప్పుడు అడిగింది, "ఆ ఏడూ ఒక్క ఊరియేనారా?" అని. ఆమె అడిగిన ప్రశ్న నా ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ పేపర్‌లో వచ్చిన అన్ని ప్రశ్నలకంటే మంచిది. జవాబు: కాదు. మధ్యలోని ఐదు, అంటే పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వసిష్ఠ, భూమికి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటూ ఒకే గుంపుగా ప్రయాణిస్తున్నాయి. అవి నిజంగానే ఒక్క ఊరివి. ఈ చివర మరీచి 104 కాంతి సంవత్సరాల అవతల ఉంది, ఆ చివర క్రతువు 123 దాకా. దొంగల్లో ఒకడు, మంచం కోళ్లలో ఒకటి పైఊరి నుంచి వచ్చి కలిసినట్టు. రాయి మీద మాత్రం ఏడు గుంటలూ పక్కపక్కనే, ఒక్క తీరుగానే ఉంటాయి.

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేసిన పని కూడా ఒక రకంగా ఇదే. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి పట్టిక రాయాలని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు పంచుకున్నప్పుడు, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మన హైదరాబాద్ వంతుకు వచ్చింది. రాయికి బదులు గాజు పలకలు, ఏడు గుంటలకు బదులు లక్షల చుక్కలు. కొలత ఎంత నునుపుగా ఉన్నా రాసుకున్నది మళ్లీ రెండేసి అంకెలే.

ఇక్కడ ఒక పక్కదారి. సప్తర్షుల గుంటలు ధ్రువ నక్షత్రం వైపు చూపిస్తాయని కూడా అంటారు. కానీ భూమి అక్షం బొంగరంలా దాదాపు 26,000 ఏళ్లకోసారి ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, మూడు వేల ఏళ్ల కింద ఉత్తర ధ్రువం దగ్గర ఇప్పటి ధ్రువ నక్షత్రం లేదు. వాళ్లకు కనబడిన కదలని చోటు వేరు. ఆ రాయిని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నాకనిపిస్తుంది. సరే, మన పాఠంలోకి వద్దాం.

మీ చుట్టూ ఒక పెద్ద గాజు గోళం ఉందనుకోండి. మీరు దాని మధ్యలో. ఏ నక్షత్రం నుంచి వచ్చే కాంతి అయినా ఆ గోళాన్ని ఒక్క చోటే దాటి మీ కంటికి చేరుతుంది. ఆ చోట మార్కర్‌తో చుక్క పెట్టండి. అదే ఖగోళం, ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకు సెలెస్టియల్ స్ఫియర్. ఇప్పుడు ఆ గోళాన్ని నేల మీద పెట్టి, సరిగ్గా పై కొసన చిన్న బల్బు వెలిగించండి. గోళం మీది ప్రతి చుక్క నీడా నేల మీద ఒక్కో చోట పడుతుంది. అడుగున ఉన్నవి దగ్గర్లో పడతాయి, పైకి పోయేకొద్దీ నీడలు దూరం పోతాయి. బల్బు ఉన్న చోటు నీడ ఒక్కటే అనంత దూరం వెళ్లిపోతుంది. ఇలా గోళం మొత్తం చదునైన నేల మీదికి వచ్చేస్తుంది. నేల మీది ఒక్కో బిందువును ఒక సంకీర్ణ సంఖ్యగా రాసుకోవచ్చు. అంటే ప్రతి నక్షత్రానికీ ఒక సంకీర్ణ సంఖ్య, రోల్ నంబర్ లాగ.

ఈ రోల్ నంబర్లు ఎందుకంత ముఖ్యమో చూడండి. మీరు నిలబడ్డ చోటు నుంచే, కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో ఒక రాకెట్ దూసుకుపోతుందనుకోండి. మీ పక్కనుంచి పోయే ఆ క్షణంలో రాకెట్‌లో ఉన్నమ్మాయికి కూడా అవే నక్షత్రాలు కనబడతాయి, కానీ అవే చోట్ల కాదు. వానలో బండి మీద పోతుంటే నిట్టనిలువుగా పడే చినుకులు ముందునుంచి ముఖానికి కొట్టినట్టు, నక్షత్రాల కాంతి కూడా ముందు వైపుకు జరిగి వస్తుంది. జేమ్స్ బ్రాడ్లీ 1728లో దీన్ని పట్టుకున్నాడు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రాలు 20.5 సెకన్ల కోణం మేర జరుగుతాయి. అది కంటికి ఆనేంత కాదు. రాకెట్‌లో అయితే బ్రహ్మాండంగా తెలుస్తుంది.

ఎంత జరుగుతుందో లెక్క వేయడానికి ఐన్‌స్టీన్ సమీకరణాలతో కుస్తీ పట్టక్కర్లేదు. గోళం అడుగు కొసను రాకెట్ పోయే దిక్కుగా పెట్టుకోండి. 0.6 వేగానికి రూలు ఇది: నేల మీది ప్రతి నీడా అడుగు కొస నుంచి ఉన్న దూరంలో సగానికి జరుగుతుంది. అంతే. రోల్ నంబర్లన్నిటినీ రెండుతో భాగించడమే. సరిగ్గా పక్కన, 90 డిగ్రీల్లో ఉన్న నక్షత్రం 53 డిగ్రీలకు వస్తుంది. నేను పైథాన్‌లో సప్తర్షుల మీద ఇది నడిపి చూశాను. ఆకాశంలో క్రతువు నుంచి మరీచి దాకా సుమారు 26 డిగ్రీలు. ఆ మధ్య భాగానికి ఎదురుగా దూసుకుపోతే మంచం కుదించుకుని 13 డిగ్రీలు అవుతుంది. వెనక్కి తిరిగి పారిపోతే 51 డిగ్రీలకు సాగుతుంది. ముసలవ్వ మంచం పెద్దదీ చిన్నదీ అవుతుంది కానీ మంచంలాగే ఉంటుంది!

అలా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఈ మార్పు కోణాలను కాపాడుతుంది. రెండు గీతలు ఎంత కోణంలో ఖండించుకుంటే మార్పు తర్వాతా అంతే కోణం. సైజులు మాత్రం మారిపోతాయి. ఇలాంటి మార్పును కన్ఫార్మల్ అంటారు. దీనికి మన ఫోన్‌లోనే ఉదాహరణ ఉంది. మెర్కేటర్ ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీ పడుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. సైజు అబద్ధం, కానీ రోడ్డు మలుపు కోణం నిజం. దారి వెతుక్కునేవాడికి కోణమే ముఖ్యం కాబట్టి ఆ పటం బతికిపోయింది. రోజర్ పెన్‌రోజ్ 1959లో ఇంకో అందమైన సంగతి చూపించాడు: ఎంత వేగంగా పోతున్న గోళమైనా చూసేవాడికి దాని అంచు వృత్తంగానే కనిపిస్తుంది. వృత్తాలను వృత్తాలుగా ఉంచడం కూడా ఈ మార్పుల గుణమే.

మొత్తం లెక్క తీస్తే, ఆకాశాన్ని తిప్పడానికి మూడు రకాలు, మూడు దిక్కుల్లో వేగం పెంచడానికి మూడు రకాలు, మొత్తం ఆరు. గోళం మొత్తం మీద కోణాలను కాపాడుతూ చేయగలిగిన నిరంతర మార్పులు కూడా ఆరు రకాలే. ఈ ఆరూ ఆ ఆరూ ఒకటే. నాలుగు పరిమాణాల దేశకాలానికి సంబంధించిన సౌష్ఠవం, రెండు పరిమాణాల ఆకాశపు గోళం మీద కోణాల ఆటగా దిగివచ్చింది. ఇది నేను మొదటిసారి చదివినప్పుడు ల్యాప్‌టాప్ మూసి కాసేపు కారిడార్‌లో నడిచాను. మిగతా వ్యాసం అంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది, కాబట్టి అర్థం కాకపోతే ఇంకోసారి చదవండి.

ఇప్పుడు హోలోగ్రఫీ. 1970ల్లో బెకెన్‌స్టైన్, హాకింగ్ కృష్ణబిలాల గురించి ఒక వింత కనుక్కున్నారు. కృష్ణబిలంలో పట్టే సమాచారం దాని ఘనపరిమాణాన్ని బట్టి కాదు, ఉపరితల వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. గోదాములో ఎన్ని బస్తాలు పడతాయో గోడల వైశాల్యాన్ని బట్టి తేలినట్టు. దీన్నుంచి 1993లో ట్ హూఫ్ట్, ఆ తర్వాత సస్కిండ్ ఒక ఊహ చేశారు: గురుత్వం ఉన్న ఏ చోటైనా, లోపల జరిగేదంతా అంచు మీద రాసి ఉండొచ్చు. 1997లో మాల్డసీనా దానికి కచ్చితమైన ఉదాహరణ ఇచ్చాడు.

లోతున్నదాన్ని లోతులేని దానిమీద ఎలా రాస్తారు? మన పోచంపల్లి చీర చూడండి. మగ్గం ఎక్కకముందే దారానికి ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. ఆ దశలో దారం కండెను చేతిలోకి తీసుకుంటే అక్కడక్కడా రంగు మచ్చలు తప్ప ఏమీ కనబడదు. ఏనుగూ లేదు, చిలకా లేదు. కానీ నేశాక దిగే డిజైన్ మొత్తం ఆ దారంలోనే ఉంది, ఒక్క ముడి తప్పితే చీరలో అక్కడ బొమ్మ చెదురుతుంది. హోలోగ్రఫీ చెప్పేది ఇలాంటిదే, లోకం అనే చీరకు సంబంధించిన లెక్కంతా తక్కువ పరిమాణాల దారంలో కట్టి ఉందని. ఈ పోలికను ఇంతకంటే లాగొద్దు. నేత వేయడానికి మగ్గం వేరే కావాలి, ఇక్కడ మగ్గం కూడా దారంలోనే ఉండాలి.

మాల్డసీనా ఉదాహరణతో వచ్చిన పేచీ ఏమిటంటే, అది గోడలున్న విశ్వానికి పనికొస్తుంది. యాంటీ డి సిట్టర్ అనే ఆ దేశకాలంలో కాంతి పోయి అంచును తగిలి తిరిగి వస్తుంది, అందుకని రాయడానికి గోడ ఉంది. మన చుట్టుపక్కల లోకం అలా లేదు. ఇక్కడ టార్చి వేస్తే వెలుగు పోతూనే ఉంటుంది. మరి మనం ఎక్కడ రాయాలి? జవాబు పైకి చూస్తే దొరుకుతుంది. కాంతి చివరికి ఎక్కడికి పోతుందో, అన్ని దిక్కుల కొసలూ కలిసి ఏ గోళం అవుతాయో, దాని మీద. అంటే ఆకాశం మీద. ఇదీ సెలెస్టియల్ హోలోగ్రఫీ పందెం.

కానీ ముడుమాల్ చిక్కు ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఆకాశం మీద దిక్కు తప్ప ఏమీ పట్టదు కదా? రెండు కణాలు ఢీకొని నాలుగు కణాలు ఎగిరిపోయాయనుకోండి. ఏ కణం ఎటు పోయిందో గోళం మీద చుక్కలు పెడతాం. ఎంత శక్తితో పోయిందన్నది ఎక్కడ పెట్టాలి?

పైగా శక్తి అనేది చూసేవాడిని బట్టి మారే అంకె. దగ్గరికొస్తున్న రైలు కూత సన్నగా వినబడ్డట్టు, రాకెట్‌లో ఉన్నమ్మాయికి ఎదురుగా వచ్చే కాంతి శక్తి పెరుగుతుంది. 0.6 వేగానికి సరిగ్గా రెండింతలు. చూశారా, అదే రెండు! నీడల్ని సగం చేసిన అంకే, శక్తిని రెట్టింపు చేసింది. దిక్కుకు జరిగేదీ శక్తికి జరిగేదీ ఒకే గుణకంతో ముడిపడి ఉన్నాయి. ఈ ముడి పట్టుకునే దారి దొరికింది.

ఒక ప్రశ్న వేసుకోండి. ఏ ఫంక్షన్‌లో చలరాశిని రెండింతలు చేసినా రూపం చెదరకుండా ఒక గుణకం మాత్రం బయటికి వస్తుంది? సైన్ కాదు, లాగ్ కాదు. ఘాతాలు. ఒక సంఖ్య వర్గం తీసుకుంటే, సంఖ్య రెండింతలైతే వర్గం నాలుగింతలు, రూపం అదే. కాబట్టి కణానికి ఒకే శక్తి ఇచ్చే బదులు, అన్ని శక్తులనూ ఏదో ఒక ఘాతం చొప్పున బరువులు వేసి కలిపేస్తే, వచ్చినదాన్ని రాకెట్‌లోంచి చూసినా అది చెదరదు, ఒక గుణకం మాత్రం బయటపడుతుంది. గణితంలో దీని పేరు మెలిన్ పరివర్తన. మనం సిగ్నల్స్ క్లాసులో చూసే ఫోరియర్‌కు దగ్గరి చుట్టం. పాటను కాలంలో చెప్పే బదులు స్వరాల్లో చెప్పడం ఫోరియర్ అయితే, కణాన్ని శక్తిలో చెప్పే బదులు ఘాతంలో చెప్పడం మెలిన్. సమాచారం ఏమీ పోదు, రాసే లిపి మారుతుంది. ఆ ఘాతాన్ని డెల్టా అంటారు, దిక్కు గోళం మీద చుక్క, డెల్టా ఆ చుక్కకు తగిలించిన చీటీ.

సబ్రీనా పాస్టర్‌స్కీ, షు-హెంగ్ షావో, ఆండ్రూ స్ట్రోమింజర్ 2017 ప్రాంతంలో ఈ లిపిలో కణాల ఢీకొట్లను తిరగరాశారు. రాసి చూస్తే ఆ సూత్రాలు, రెండు పరిమాణాల కన్ఫార్మల్ సిద్ధాంతాల్లో కనబడే సూత్రాల పోలికతో వచ్చాయి. మూడో కొలత పోలేదు, చీటీలోకి పోయింది. ముడుమాల్ రాయి చెక్కినవాడికి లేని వసతి ఇదే: ప్రతి గుంట పక్కనా ఒక చీటీ.

సౌష్ఠవాలు ఆరుతో ఆగవు. వీటికి దేశంలో మూడు దిక్కుల్లో, కాలంలో ఒకటి చొప్పున జరపడాలు కలిపితే పది. గురుత్వ తరంగాలు పోయిపోయి చేరే అంచు దగ్గర కూడా పదే ఉంటాయని అందరూ అనుకున్నారు. 1962లో బాండీ, వాన్ డర్ బర్గ్, మెట్జ్‌నర్, అలాగే సాక్స్ లెక్క వేసి చూస్తే అనంతంగా వచ్చాయి. అక్కడ కాలాన్ని జరిపేటప్పుడు అన్ని దిక్కుల్లోనూ ఒకే లెక్కన జరపాలన్న నియమం లేదు. నల్లగొండ వైపు గడియారం ఐదు నిమిషాలు ముందుకు, మహబూబ్‌నగర్ వైపు మూడు నిమిషాలు వెనక్కి, ఏ దిక్కు గడియారం ఆ దిక్కుదే, అయినా గురుత్వ సమీకరణాలకు అభ్యంతరం ఉండదు. చాలాకాలం దీన్ని ఒక వింతగా చూసి వదిలేశారు.

2013 తర్వాత స్ట్రోమింజర్ బృందం దీనికి రెండు పాత విషయాలు జోడించింది. ఒకటి, 1965లో వైన్‌బర్గ్ నిరూపించిన సూత్రం: ఏ ఢీకొట్టులోనైనా శక్తి సున్నాకు దగ్గరైన గ్రావిటాన్ వెలువడే తీరు ఒకే పద్ధతిలో ఉంటుంది, లోపల ఏం ఢీకొన్నా సరే. రెండు, 1974లో జెల్డొవిచ్, పోల్నరెవ్ చెప్పిన జ్ఞాపక ప్రభావం. నాగార్జునసాగర్ నీళ్ల మీద రెండు బెండ్లు తేలుతున్నాయనుకోండి. అల వచ్చి పోయాక అవి ఊగి ఊగి మళ్లీ అంతే దూరంలో నిలుస్తాయని అనుకుంటాం. గురుత్వ తరంగం అలా కాదు, పోతూ పోతూ ఆ దూరాన్ని శాశ్వతంగా కాస్త మార్చిపోతుంది. అనంత సౌష్ఠవాలు, బలహీన గ్రావిటాన్, జ్ఞాపకం, ఈ మూడూ ఒకే విషయానికి మూడు ముఖాలని తేలింది. గురుత్వ తరంగాలను 2015 నుంచి పట్టుకుంటున్నాం కానీ ఈ జ్ఞాపకం ఇంకా నేరుగా చిక్కలేదు. చిక్కితే ఆకాశం మీద సౌష్ఠవాలు కాగితం మీది ముచ్చట కాదని తేలుతుంది.

ఈ పనిలో మనకు దగ్గరివాళ్లు కూడా ఉన్నారు. 2020లో శమీక్ బెనర్జీ, సుదీప్ ఘోష్, పార్థ పాల్ కొన్ని రకాల గ్రావిటాన్ ఢీకొట్లను తీసుకుని, ఖగోళం మీద ఇంకో అనంత సౌష్ఠవం దాగి ఉందని చూపించారు. మరుసటి ఏడాది చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేథమేటికల్ సైన్సెస్‌లో పనిచేసే నేమాని సూర్యనారాయణ, నిశాంత్ గుప్తా, పార్థ పాల్‌తో కలిసి అదే సౌష్ఠవాన్ని రెండో వైపు నుంచి, అంటే దేశకాలం అంచు దగ్గర ఏ షరతులు పెడితే అది పుడుతుందో ఆ వైపు నుంచి రాబట్టారు. సొరంగం రెండు కొసల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిసినట్టు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం గురించి వింటూ పెరిగిన నల్లగొండ పిల్లలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక కన్ఫార్మల్ గురుత్వం. ఇప్పటిదాకా కోణాల ఆట ఆకాశం మీదే సాగింది, లోపలి దేశకాలంలో సైజులు మామూలుగానే ఉన్నాయి. లోపల కూడా కోణాలే నిజం, పొడవులు పట్టించుకోం అంటే? 1918లో హెర్మన్ వైల్ ఈ దారి తొక్కాడు. ఐన్‌స్టీన్ అతని గణితాన్ని మెచ్చుకుంటూనే ఒక దెబ్బ కొట్టాడు: పొడవులు దారిని బట్టి మారితే, వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు హైడ్రోజన్ పరమాణువులు వేర్వేరు రంగుల కాంతి ఇవ్వాలి, ఇవ్వడం లేదు. అయినా కోణాల భాగాన్ని మాత్రం తీసుకుని 1921లో రుడాల్ఫ్ బాఖ్ సమీకరణాలు రాశాడు. కన్ఫార్మల్ గురుత్వం అంటే ఇవాళ ఆ సమీకరణాలే.

ఇందులో లాభం ఉంది, నష్టం ఉంది. సౌష్ఠవాలు పది నుంచి పదిహేనుకు పెరుగుతాయి. ఖాళీ దేశకాలానికి ఐన్‌స్టీన్ ఇచ్చే ప్రతి పరిష్కారమూ ఇక్కడా పరిష్కారమే, అంటే పాత ఇల్లు పడగొట్టకుండా చుట్టూ పెద్ద ప్రహరీ కట్టినట్టు. నష్టం ఏమిటంటే, న్యూటన్ నుంచి ఐన్‌స్టీన్ దాకా సమీకరణాల్లో రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే సరిపోయేది, ఇక్కడ నాలుగుసార్లు చేయాలి. దానివల్ల రుణ శక్తి ఉన్న తరంగాలు ఇంట్లోకి వస్తాయి. ఫిజిక్స్‌వాళ్లు వాటిని దయ్యాలు అంటారు, నిజంగానే. 2011లో మాల్డసీనా, అంచు దగ్గర ఒక సరళమైన షరతు పెడితే కన్ఫార్మల్ గురుత్వం నుంచి విశ్వస్థిరాంకంతో కూడిన ఐన్‌స్టీన్ గురుత్వం బయటికి తీయొచ్చని చూపించాడు. దయ్యాలు గేటు బయటే ఆగిపోతాయి.

ప్రకృతి నియమం కన్ఫార్మల్ గురుత్వమే అని నేను నమ్మను. లోకంలో సైజులున్నాయి. పన్నెండు అడుగుల రాయి పన్నెండు అడుగులే, ఇరవైనాలుగు కాదు. కానీ ఏ సౌష్ఠవం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే, సౌష్ఠవాలు ఎక్కువున్న పెద్దింట్లో ముందు లెక్క వేసి, తర్వాత ఒక్కో గోడా కడుతూ ఏది మిగులుతుందో చూడటం మంచి పద్ధతి. మనం కోడ్‌లో బగ్ పట్టుకునేటప్పుడు ముందు కష్టమైన షరతులన్నీ తీసేసి నడిపి చూస్తాం కదా, ఆ తీరే.

ఇంత చెప్పాక లెక్క ఎక్కడ నిలిచిందో కూడా చెప్పాలి. మన గురుత్వానికి సరిపడే ఆకాశపు సిద్ధాంతం, ఇదిగో ఇదీ అని పూర్తిగా రాసినవాళ్లు ఇంకా లేరు. 2022లో కెవిన్ కాస్టెల్లో, నటాలీ పాకెట్, అతుల్ శర్మ ఒక ప్రత్యేకమైన దేశకాలానికి ఇటు సిద్ధాంతమూ అటు సిద్ధాంతమూ రెండూ రాసి సరిపోల్చారు, అది మన లోకం కాదు గానీ మొదటి గట్టి మెట్టు. ఇంకో అడ్డంకి, విశ్వం వేగంగా వ్యాకోచిస్తోంది. అంత పెద్ద కొలతల్లో మనం అనుకున్న చదునైన దేశకాలం ఉజ్జాయింపే. ఇవన్నీ ఎందుకు పట్టించుకోవాలంటే, కృష్ణబిలంలో పడినదాని సమాచారం పోతుందా, ఎక్కడో రాసి ఉంటుందా అన్న 1970ల నాటి తగవు ఇంకా మన లోకానికి తేలలేదు. రాసి ఉంటే ఎక్కడ రాసి ఉందో వేలుపెట్టి చూపించాల్సిన చోటు ఈ గోళమే.

చేసి చూడాలనుకునేవాళ్లకు ఒక లెక్క. వేగం 0.6 అయితే నీడలు సగమయ్యాయి. కాంతి వేగంలో 0.8 వంతు అయితే మూడో వంతు అవుతాయి. 90 డిగ్రీల్లో ఉన్న నక్షత్రం ఎక్కడ కనబడుతుంది? గోళం వ్యాసార్ధం ఒకటి అనుకుంటే, మొదట దాని నీడ అడుగు కొస నుంచి రెండు దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి మీరే పట్టండి, టాన్ పట్టిక చాలు. 37 డిగ్రీలకు అటూ ఇటూ వస్తే సరిపోయినట్టే. తర్వాత 60, 120 డిగ్రీలకు కూడా వేసి చూడండి, వెనకనున్న నక్షత్రాలు ఎంత గబగబా ముందుకు ఉరికొస్తాయో తెలుస్తుంది. సప్తర్షుల ప్రోగ్రాం కావాలంటే క్లబ్ గ్రూపులో అడగండి, నలభై లైన్లే, పంపిస్తాను.